పక్క సీటు బ్రేకు

ఏదీ, ఆ కాయితం ఇలా తే. నా కళ్లజోడేదీ... ఆ, నెత్తిమీదే ఉందిలే, నవ్వకు. ఎర్ర లైటు పడ్డాక గీత దాటావని రాశాడు. దాటావా? పసుపే ఉందంటావా, సరే, పసుపే అనుకుందాం. జరిమానా కట్టేసి ఊరుకోవాలా, లాయర్ని పెట్టుకుని కాదనాలా అని, పోయి పోయి నన్నడుగుతున్నావు. మీ నాన్న కట్టేయమన్నాడా? అంటాడు, గొడవంటే మా అల్లుడికి జ్వరం వస్తుంది. మీ అమ్మ పోరాడమందా? అదీ అంటుంది, మా రక్తం కదా. కూర్చో. ఆ కుర్చీ కాదు తల్లీ, దాని కాలు ఊగుతుంది, స్టూలు లాక్కో. సరిగ్గా ఇలాంటి కాయితమే ఒకసారి మా బావకొచ్చింది. మా అక్క మొగుడు, మీ అమ్మకి మేనత్త మొగుడు. నువ్వు పుట్టకముందే పోయాడు. ఫొటోలో చూసుంటావు, మా అక్క పక్కన పొడుగ్గా, ఎవరో కదలొద్దని అదిలించినట్టు నిలబడి ఉంటాడు. ఆయనే.

డ్రైవింగ్ స్కూల్లో నేర్పేవాడు. ఇరవై రెండేళ్లు నేర్పాడు. ఊళ్లో సగం మంది ఆయన పక్కన కూర్చునే స్టీరింగు పట్టుకున్నారు. పేరు పెట్టి పిలిచిన వాళ్లు లేరు, అందరికీ నెమ్మది మాస్టారే. ఎందుకంటే ఆయన నోట్లోంచి వచ్చేది ఆ ఒక్క మాటే. గేరు మార్చబోతే "నెమ్మది", తిప్పబోతే "నెమ్మది", ఎదురుగా లారీ మీదికొస్తున్నా అదే గొంతుతో "నెమ్మదమ్మా". కోప్పడ్డం నేనైతే చూళ్లేదు. నేర్పే కార్లో పక్క సీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది, తెలుసుగా? నేర్చుకునేవాడు కంగారుపడితే మాస్టారు తొక్కేస్తాడు. ఆ పెడల్ మీద ఆయన కాలు ఎప్పుడూ ఓ వెంట్రుక వాసి ఎడంలో ఉండేది. పెడల్ కాలికి తెలియాలని అడుగు పల్చగా ఉండే బూట్లు కుట్టించుకునేవాడు, వానాకాలం నీళ్లు కారినా అవే. చివరికి ఎలా తయారయ్యాడంటే, బస్సెక్కినా కాలు నేలకేసి తొక్కడమే. సినిమాకెళ్తే తెరమీద కారు మలుపు తిరిగిందో లేదో, ముందు సీటువాడు వెనక్కి తిరిగేవాడు, "ఏంటండీ తన్నుతారు" అని. "ఈయనతో బస్సులో వెళ్లడం కంటే నడిచెళ్లడం నయంరా" అనేది మా అక్క. ఇంతకీ ఆ స్కూలు బండి బాగు చేసేది ఎవరనుకున్నావు? నేనే. అప్పటికి షెడ్డు పెట్టి రెండేళ్లయింది. బావమరిది కదా అని ఆయనే ఇప్పించాడు ఆ పని.

ఆ రోజు బండిలో ఉన్నది ఒక టైలరమ్మ. నలభై దాటినావిడ. కొడుకులు వద్దన్నా వినకుండా చేరింది. బావ ఆవిణ్ణి తెగ మెచ్చుకునేవాడు, చెయ్యి చక్కగా కుదిరిందిరా అని. ఇబ్బందల్లా కాలుతోనే. పాతికేళ్లు మిషను తొక్కిన కాలు కదా, గట్టిగా తొక్కితేనే పని అవుతుందని దానికి అలవాటు. చౌరస్తా దగ్గర ఎర్ర లైటు పడింది. బావ "నెమ్మది" అన్నాడు. ఆవిడ కంగారులో బ్రేకు బదులు యాక్సిలరేటరు తొక్కింది, తొక్కి వదలదే! బావ తన పెడల్ నొక్కాడు. బండి ఆగింది, కానీ గీత దగ్గర కాదు, చౌరస్తా నడిమధ్యన. దేవుడి దయ, ఎవరికీ తగల్లేదు. ఒక పాలవాడు సైకిలు వదిలేసి దూకాడంతే, వాడి క్యాన్లు దొర్లాయి. కానిస్టేబులొచ్చి కాయితం రాశాడు. ఆవిడ పేరు మీద కాదు, బావ పేరు మీద. నేర్పే బండిలో తప్పు జరిగితే నేర్పేవాడిదే, అది రూలు. ఆవిడేమో స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడుపు. ఈయన కాయితం మడిచి జేబులో పెట్టుకుని, "పోనీలేమ్మా, బండి పక్కకి తియ్యి, నెమ్మది" అన్నాడట.

జరిమానా చూస్తే ఎంతా, వేళ్ల మీద లెక్క. కానీ కట్టడమంటే తప్పు ఒప్పుకున్నట్టే, నేర్పే లైసెన్సు కార్డు మీద గీత పడుతుంది. ఆ కార్డు ఆయనకి ప్రాణం. ఇరవై రెండేళ్లు చిన్న మచ్చ లేదు దాని మీద. మా అక్క ఊరుకుంటుందా! "నిప్పులాంటి మనిషివి, నువ్వెందుకు ఒప్పుకోవాలి? ప్లీడరు దగ్గరికి నడువు" అని పట్టుబట్టింది. మంగళవారం పొద్దున్నే వెళ్లాం, బావా నేనూ. జిరాక్సు షాపు మీద రెండో అంతస్తు, గదిలో సగం ఫైళ్లు, సగం ప్లీడరు. అంత లావు మనిషి. కాయితం చూడను కూడా లేదు, "మీరు నొక్కారా?" అన్నాడు. నొక్కానండీ అన్నాడు బావ. "వెంటనే నొక్కారా?" వెంటనేనండీ. "మరి బండి గీత దగ్గరే ఎందుకు ఆగలేదు?" అప్పుడా ప్లీడరు కుర్చీలో వెనక్కి వాలి అన్నాడు కదా, "తేలిగ్గా తేలిపోతుందండీ. బండి తనిఖీకి పెట్టమని అడుగుతా. ఆ బ్రేకు విప్పి చూస్తారు. అందులో లోపముంటే మీ మీద కేసు నిలవదు. ఇంతకీ మెకానిక్కెవరు?" బావ నవ్వుతూ నా భుజం మీద చెయ్యేశాడు. "వీడేనండీ, మా బావమరిది. బంగారం లాంటి పనివాడు." గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నేను ఆ భుజమే తడుముకున్నాను.

ఎందుకంటావేం, చెబుతున్నాగా. ఆ పక్క పెడల్ నుంచి అసలు బ్రేకుకి ఒక కేబులు ఉండేది. అది సాగితే ఒక నట్టుతో బిగించి, ఆ నట్టు కదలకుండా పైన ఇంకో నట్టు వేసి తాళం పెట్టాలి. అంతకు ముందు వారమే బిగించాను. ఆ పై నట్టు చేత్తో తిప్పాను, ఇక స్పానరు పెట్టి బిగించాలి, ఈలోగా బయట ఎవరో పిలిచారు. ఎవరో కూడా గుర్తులేదు. ఏ పంక్చరు వాడో! మళ్లీ వచ్చి బానెట్టు మూసేశాను. చౌరస్తాలో అది జరిగిన సాయంత్రం బండి షెడ్డుకొచ్చింది. కింద దూరి చూస్తే నట్లు రెండూ వదులై కిందికి దిగి ఉన్నాయి. పెడల్ సగం దాకా ఊరికే పోతోంది, ఆ తర్వాతే పట్టుకుంటోంది. బిగించాను. ఈసారి రెండూ, స్పానరు పెట్టి. చేతులు కడుక్కున్నాను. ఎవరికీ చెప్పలేదు. అప్పుడే ఇంకో రెండు స్కూళ్ల వాళ్లు బళ్లు ఇస్తామన్నారు నాకు. మీ అమ్మ ఒళ్లో పిల్ల. భయమేసింది, అంతే. ఇంకేం పేరు పెట్టినా అది భయమే.

ప్లీడరు దగ్గర్నుంచి మెట్లు దిగుతూ బావ అడిగాడు, "నువ్వేమంటావురా? ఈయన్ని పెట్టుకుందామా?" ఇప్పుడు నువ్వు అడిగావే, అలాగే. నేనన్నానూ, "గోటితో పోయేదానికి గొడ్డలెందుకు బావా? కట్టేస్తే సరి. కోర్టంటే తిరగలేక చస్తాం." ఆయన రెండు మెట్లు దిగి ఆగాడు. "బండి చూశావా?" అన్నాడు. చూశాను బావా, అంతా బాగానే ఉందన్నాను. అబద్ధం కూడా కాదు, అప్పటికి బాగానే ఉంది మరి! ఆయన నమ్మాడు. నా మాట నమ్మకపోవడం ఆయనకి చేతకాదు. ఇంకో రెండు మెట్లు దిగి, తన బూటు వైపు చూసుకుని, "అయితే నా కాలేనన్నమాట. నొక్కాననే అనుకున్నానురా" అన్నాడు. అది విని నేనేం చేశానో తెలుసా? వీధి చివర టీ తాగుదామన్నాను.

జరిమానా కట్టాడు. అక్కడితో ఆగితే బాగుండు. మర్నాడు కార్డు కూడా తీసుకెళ్లి లైసెన్సుల ఆఫీసులో వాపసు ఇచ్చేశాడు. ఆ గుమాస్తా, "ఒక్క గీతే కదండీ, దీనికి కార్డెందుకు ఇవ్వడం, పట్టుకెళ్లండి" అని బతిమాలాడట. "తన కాలే తన మాట విననివాడు పక్క సీట్లో కూర్చోకూడదండీ, రేపు ఎవరి బిడ్డ అడ్డమొస్తుందో" అన్నాడట ఈయన. స్కూలు వాళ్లు మంచివాళ్లు, ముందు గదిలో బల్ల వేసి ఫారాలు నింపే పని ఇచ్చారు. టైలరమ్మ మూడోసారికి పాసై వచ్చి, ఒక చొక్కా కుట్టిచ్చింది ఆయనకి. వేసుకోలేదు, మడత పెట్టి దాచుకున్నాడు. తర్వాత్తర్వాత నడకలో అనుమానం మొదలైంది. మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవడం, రోడ్డు దాటాలంటే మా అక్క మోచెయ్యి పట్టుకోవడం. యాభై ఐదేళ్లకే కర్ర పట్టాడు. ఏమీ లేని కాలికి కర్ర! "ఏమైందే మీ ఆయనకి" అని జనం అడిగితే మా అక్క, "కాల్లో పట్టు తప్పిందట" అనేది. నేను పక్కనే ఉండేవాణ్ణి. ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. ఈ వారం చెబుదాం, వచ్చే నెల చెబుదాం... పదకొండేళ్లు గడిచిపోతాయమ్మా అలా.

పోయేముందు గుండె బాగోలేక ఆసుపత్రిలో పెట్టాం. కొత్త డాక్టరు, నీ ఈడువాడే, ఒళ్లంతా చూడాలన్నాడు. బావ ముందే చెప్పాడు, ఈ కాలు పనిచెయ్యదు బాబూ అని. ఆ అబ్బాయి చిన్న సుత్తితో మోకాలి మీద కొట్టాడు. చెంగున లేచింది కాలు. అరికాలు గీశాడు, తొయ్యమన్నాడు, లాగమన్నాడు. "ఈ కాలికేం లేదండీ. ఎప్పుడూ ఏమీ అయినట్టు కూడా లేదు" అని రాసుకుని వెళ్లిపోయాడు. బావ నావైపు తిరిగాడు. "ఏరా, విన్నావా?" అన్నాడు. గదిలో ఇంకెవరూ లేరు. మా అక్క ఫ్లాస్కు కడగడానికి వెళ్లింది. నేనన్నాను, "నిన్నగాక మొన్న పాసైన కుర్రాడు బావా, వాడికేం తెలుసు?" ఆయన కాసేపు ఆలోచించాడు. ఆలోచించి, "అంతేలే, నా కాలి సంగతి నాకు తెలీదూ" అని, ఆ కాలు మీదికి దుప్పటి లాక్కున్నాడు.

వెళ్లి ఆ కుళాయి కట్టేసి రా, నీళ్లు పోతున్నట్టున్నాయి.