ఎముకలు చెప్పిన వయసు

మేజిస్ట్రేటు గారి ఎదుట చెబుతున్నాను. నా వయసు యాభై రెండు. తాళాలు బాగుచేసుకుని బతుకుతాను. ఆదివారాలు వాక్యం బోధిస్తాను. మైకు లేకపోయినా నా గొంతు మూడు వీధులకు వినపడుతుందని అందరూ నన్ను మైకు అయ్యగారంటారు. ముద్దాయి నా చెల్లెలి కొడుకు.

సోమవారం పొద్దున్న వాడు పనిచేసే కలప డిపోలో, లారీ మీద, మేస్త్రీ వాడి అన్నం డబ్బాను కాలితో తన్నాడు. వాడు మేస్త్రీని తోశాడు. లారీ మీద నుంచి పడిన మేస్త్రీ ఆ సాయంత్రం ఆసుపత్రిలో చనిపోయాడు. తోసింది వాడే. నేను కాదనను.

వాడికి పదిహేడేళ్లు. ఇంట్లో పుట్టాడు, ఏ కాగితమూ లేదు. పద్దెనిమిది లోపైతే పిల్లల హోముకు, దాటితే పెద్దవాళ్ల జైలుకు పంపుతారని స్టేషన్లో ఇన్‌స్పెక్టరు గారు చెప్పారు. చెల్లెలి ముఖం చూసి, "సరేనమ్మా, కన్నదానివి నువ్వు. పదిహేడనే రాస్తాను," అని కలం తీశారు.

అప్పుడు చనిపోయినాయన అన్న లేచి, "కొడుకు కోసం ఏ తల్లి అబద్ధమాడదండీ?" అన్నాడు.

సభలో ఎవరైనా సందేహపడితే అందరి ముందుకూ పిలిచి రుజువు చూపించడం నా పద్ధతి. ఆ అలవాటే నన్ను పట్టి లేపింది. చంకలోని గ్రంథం పైకెత్తి, "తల్లి కడుపులో ఒక్కో ఎముకనూ అల్లినవాడు పైనున్నాడు! నోరు బొంకుతుంది, ఎముక బొంకదు! తీయించండి ఎక్స్‌రే!" అని అరిచాను.

చెల్లెలు నా చొక్కా పట్టి లాగింది. "అన్నయ్యా, ఊరుకో. ఆయన రాస్తానంటున్నారు కదా."

నేను ఊరుకోలేదు. ఇన్‌స్పెక్టరు గారు కలానికి మూత పెట్టేశారు. "మీరే అడిగారు. ఇక నా చేతుల్లో లేదు."

బుధవారం డాక్టరమ్మ దీపం వెలిగే పెట్టెకు ఫిల్ము తగిలించి చూపించింది. ఎదిగే పిల్లల్లో ఎముక కొసన మెత్తని పొర ఉంటుందట. ఫిల్ములో నల్లగీతలా కనబడుతుందట. ఎముక పొడవయ్యేది అక్కడే. ఎదుగుదల ముగిశాక ఆ పొర గట్టిపడి, గీత మూసుకుపోతుందట. వాడి మోచేతిలో గీత లేదు. మణికట్టులోనూ లేదు.

"కొందరికి ముందే మూసుకుపోతుందండీ. ఏడాది, రెండేళ్లు తేడా రావచ్చు," అంది.

"మరి ఆ ముక్క రాయండమ్మా!"

"రాశాను. పద్దెనిమిది దాటి ఉండొచ్చనీ రాశాను. పైవాళ్లు ఏది పట్టుకుంటారో నాకు తెలీదు."

కానిస్టేబులు పక్కన నిలబడి ఫిల్ము చూస్తున్న మావాడు, "అయితే నేనింక పొడుగవ్వనా డాక్టరమ్మా?" అని అడిగాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది. జైలు మాటకు ఏడవనివాడు ఆ మాటకు ఏడ్చాడు. చెల్లెలు ఏడవలేదు. నా వైపు చూడనూ లేదు.

వాడడిగింది కూడా రాయండని ఇన్‌స్పెక్టరు గారి కాళ్ల మీద పడ్డాను. "అది సాక్ష్యం కాదు అయ్యగారూ, లేవండి," అన్నారు. మా గ్రంథంలో ఎండిన ఎముకలు లేచి నిలబడిన లోయ గురించి ఏళ్ల తరబడి గొంతు చించుకున్నవాణ్ణి. మూసుకుపోయిన ఒక్క గీతను తెరవలేకపోయాను.

కనుక ఇక్కడైనా రాయించండి. నేనింక పొడుగవ్వనా అని వాడు అడిగాడు.

ఇదంతా నాకు చదివి వినిపించారు. ఆ ప్రశ్న రెండుసార్లు వచ్చింది, ఒకటి కొట్టేయమంటారా అని రాసుకునే ఆయన అడిగారు. రెండూ ఉంచమన్నాను. నేను చెప్పింది నిజం. ఎవరి బలవంతమూ లేదు.

(సంతకం)