వెనక కొసలు విడిపోయిన స్కీల గురించి

స్టేషన్ ఇన్‌స్పెక్టర్ గారికి,

తిరిగొచ్చిన స్కీలను ఈ శనివారం లారీలో ఎత్తి తగలబెట్టడానికి తీసుకుపోతున్నారు. అవి పోతే ఓదెలు దొంగ కాడని చూపించడానికి ఏమీ మిగలదు. అందుకే ఈరోజు, 1999 మే 26, బుధవారం, మీ స్టేషన్‌లో కూర్చుని నా చేత్తో ఈ వాంగ్మూలం రాస్తున్నాను.

నా పేరు సాయమ్మ. తండ్రి రామన్న. వయసు 22. ఉండేది శేరిలింగంపల్లి. పాలిటెక్నిక్ డిప్లొమా చదివాను. మా ఇంట్లో బడికి పోయింది నేనొక్కదాన్నే. కొండాపూర్‌లో భీమేశ్వరరావు గారి ఫైబర్ షెడ్డులో టెస్టింగ్ పని చేస్తున్నాను. ఓదెలు అక్కడే ఫైబర్ పొరలను అతికించే జిగురు, రెజిన్ కలుపుతాడు. అన్నా అని పిలుస్తాను, బంధువు కాదు.

స్కీలంటే మంచు మీద జారడానికి బూట్లకు బిగించుకునే పొడుగాటి పలకలు. నిరుడు ఒక విదేశీ కంపెనీ మాకు కొత్త రకం ఆర్డరిచ్చింది. వాటికి ముందూ వెనకా రెండు కొసలూ పైకి వంగి ఉంటాయి. మాలో మంచు చూసినవాళ్లు లేరు. ఎలా వాడతారో తెలియాలని వాళ్లు వీడియో క్యాసెట్ పంపారు. జూన్‌లో ఒక మధ్యాహ్నం రావు గారి గదిలో అందరం చూశాం. కుర్రాళ్లు దిబ్బ మీద నుంచి ఎగిరి, గాలిలో తిరిగి, వీపు ముందుకు పెట్టి దిగి, అలాగే వెనక్కి జారిపోతున్నారు.

"ఏంది సార్, గిట్ల ఎనుకకు ఉరుకుతున్నరు? పొయ్యి మీద పాలు మర్చిపోయిండ్రా?" అన్నాడు ఓదెలన్న.

"టేపు రివర్స్‌లో తిరుగుతోందయ్యా. ఈ వీసీఆర్ ఎప్పుడూ ఇంతే," అని రావు గారు బటన్ నొక్కి ఆ భాగం దాటించారు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

ఆ తర్వాత ముందు కొసను మిషన్ మీద వేలసార్లు వంచి చూశాం. వెనక కొసను ఒక్కసారీ వంచలేదు. అది అందానికే అనుకున్నాం. బరువు తగ్గుతుందని రావు గారు వెనక ఒక పొర తీసేయించారు.

ఒక చలికాలం వాడాక ఈ నెల మొదట్లో స్కీలు తిరిగొచ్చాయి. పాదం కింద ఇనుప అంచులు అరిగాయి. ముందు కొసలు గట్టిగా ఉన్నాయి. వెనక కొసల పొరలు విడిపోయాయి. ఓదెలు మంచి రెజిన్ అమ్ముకుని జీడిమెట్ల నుంచి నాసిరకం తెచ్చి కలిపాడని రావు గారు ఫిర్యాదు చేశారు. 20వ తేదీన మీ జీపు వచ్చింది. ఓదెలన్న చేతులకు రెజిన్ ఉంది. "జర కడుక్కుంట సార్" అన్నాడు. కడుక్కోనివ్వలేదు. ఎండితే అది చర్మంతో సహా ఊడుతుంది. ఇప్పుడతను జైల్లో ఉన్నాడు.

సోమవారం ఆ కంపెనీ మనిషి వచ్చాడు. నాకు వచ్చిన ఇంగ్లీషులో అడిగాను. ఈ ఆటలో ముందుకు ఎంత దిగుతారో వెనక్కీ అంతే దిగుతారన్నాడు. అప్పుడు దెబ్బ వెనక కొస మీదే పడుతుంది. ఆ రోజు టేపు సరిగ్గానే తిరిగింది.

మా షెడ్డులో ఒక జతకు ఒకే బకెట్ కలుపుతారు. ముందు కొసకూ వెనక కొసకూ అదే రెజిన్. అది నాసిరకమైతే ముందు కొసలు కూడా విడిపోవాలి. ఒక్కటీ విడిపోలేదు. విడిపోయినవి మేం పొర తీసేసి, టెస్టు చేయకుండా వదిలేసిన వెనక కొసలే.

ఇదే రావు గారికి చెప్పాను. "చూడమ్మా సాయమ్మా, టెస్టులో తప్పని తేలితే ఆర్డరు పోతుంది. షెడ్డు మూస్తే ఇంతమంది ఏం తింటారు?" అన్నారు. ఆ మాట అబద్ధం కాదు. నిన్నటి నుంచి మూడుసార్లు మీ గేటు దాకా వచ్చి తిరిగిపోయాను. లారీ శనివారం వస్తుంది.

రెండు జతలు స్వాధీనం చేసుకుని, రెండు కొసలూ కోయించి, రెజిన్ పరీక్ష చేయించమని కోరుతున్నాను. పైన రాసినవన్నీ నేను కళ్లారా చూసినవి, చెవులారా విన్నవి. ఎవరూ నాతో రాయించలేదు. కోర్టులో అడిగినా ఇదే చెబుతాను.

28వ తేదీ శుక్రవారం సాయంత్రం లోపు జవాబు ఇప్పించండి. కబురు ఇంటికే పంపండి. షెడ్డుకు పంపితే నాకు అందదు, రేపటి నుంచి నన్ను రావద్దన్నారు.

(సంతకం)
సాయమ్మ