తోక మీద నంబరు కొట్టిన చేప

దేవరకొండ బస్టాండు ఎదుట ధర్మయ్య హోటల్లో చాయ్ మరుగుతున్నంతసేపూ సర్దార్ మాటలు కూడా పొంగుతూనే ఉండేవి. స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టడం అతని పని. తొంభై రెండు వేసవిలో ఒక పొద్దున షరీఫున్నీసా సంచి ఒళ్లో పెట్టుకుని అతని ఎదుటి బెంచీ మీద కూర్చుంది. ఆమె ఇంట్లో గోడ నిండా బొమ్మల పింగాణీ పళ్లేలు. ఏది ఎవరిచ్చారో ఈమధ్య మతికి రావడం లేదు. గుర్తున్నంతైనా పోకముందే రాయించాలి. కానీ వాటిని ఎవరి చేతిలో పెట్టాలి?

"పళ్లేల లెక్కనా చాచీ? గదెంత పని," అన్నాడు సర్దార్. "మర్రిగూడ దిక్కు ఒక దొర గడీల నలభై పళ్లేలకు నంబర్లు కొట్టిన."

"మొన్న ఇరవై అంటివి," అన్నాడు ధర్మయ్య చాయ్ వడపోస్తూ.

"గవి ముందటి అర్రల్వి. లోపట ఇంకో అర్ర, దాని లోపట ఇంకోటి, నాలుగు వేల పళ్లేలు, నేను కండ్లకు గుడ్డ కట్టుకుని ఒక్కొక్కదాన్ని గోటితోని టంగుమనిపిచ్చి ఇది చీనాది, ఇది జపాన్‌ది అని చెప్తాంటె గుమాస్తా రాయలేక చేతులెత్తిండు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒకదాంట్ల చేప బొమ్మ ఉండె. దుమ్ము కడుగుదామని చెంబెడు నీళ్లు పోసిన. గా దిక్కు కరువు మీకెర్కే గద, ఎన్నేండ్ల సంది నీళ్లు చూడలేదో, తోక ఆడించి పక్క పళ్లెంలకు దుంకింది. నా లెక్కంత తప్పాయె. పట్టుకొచ్చి దాని జాగల పెట్టి, తోక మీద సుత్తెతోని నంబరు కొట్టిన. ఇగ కదల్లే."

"చేప ఏమనలేదా?" అన్నాడు ధర్మయ్య.

"రసీదు అడిగింది."

బెంచీలన్నీ నవ్వాయి. షరీఫున్నీసా మాత్రం సంచిలోంచి తువ్వాల మూట తీసి విప్పింది. తెల్లటి పింగాణీ పళ్లెం, నడుమ నీలం చేప.

"గట్లయితె దీని తోక మీద కొట్టు బేటా. ఇచ్చినామె పేరు."

సర్దార్ ఉలి ఆనించాడు. సుత్తె ఎత్తాడు. ఎత్తిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"పగులుతది చాచీ," అన్నాడు మెల్లగా, సుత్తె దించి. "పింగాణీ దెబ్బకు ఆగదు."

"మరి గడీల నాలుగు వేలు?" అన్నాడు ధర్మయ్య.

సర్దార్ ఉలి జేబులో పెట్టేసుకున్నాడు.

"పగులుతదని చెప్పినవ్ గద," అంది షరీఫున్నీసా. "గోడ మీదివన్ని రాయనీకి నీకే ఇస్త. వెనక రంగుతోని రాయి."

అతను సైకిల్ షాపు నుంచి రంగు డబ్బా, సన్న కుంచె తెచ్చి, పళ్లెం బోర్లించి అడిగాడు. "ఎవరిచ్చిన్రు?"

ఆమె నోరు తెరిచింది. పేరు రాలేదు. కళ్లు మూసుకుని వేలితో పళ్లెం అంచు తడిమింది. ముందు నువ్వుల వాసన మతికొచ్చింది, దాని వెంట మనిషి వచ్చింది.

"మగ్గం నేసేటోళ్ల గోవిందమ్మ. రంజాన్‌కు నేను శీర్‌ఖుర్మా పంపితె, బతుకమ్మకు దీంట్ల నువ్వుల ముద్దలు పెట్టి పంపింది. పళ్లెం మళ్ల ఇయ్యబోతె, అది గూడ నీకే అన్నది."

సర్దార్ ఇద్దరి పేర్లూ పెట్టి, ఒక్క మాట కలపకుండా అంతే రాశాడు.

"తడి రంగు అక్కా," అన్నాడు ధర్మయ్య. "చేప ఈదిపోతదేమో, జర చూడు."

"పోనీ," అంది షరీఫున్నీసా. "ఎవరింటిదో వెనక రాసున్నది గద. దొరికినోళ్లు తెచ్చిస్తరు."