చెట్లు కనపడేంత దూరం

ఓడలరేవు దగ్గర ఏటిపాయ ఒడ్డున కాంతం ఇల్లు. పొద్దున్న ఎనిమిదయింది. మొన్న తెల్లవారుజామున ఒంటరిగా వేటకెళ్లిన ఆమె కొడుకు కిషోర్ నిన్న మధ్యాహ్నానికే తిరిగి రావాలి. ఇంకా రాలేదు. అతనికి పిల్లనివ్వబోతున్న అప్పన్న ఫోను చేత్తో పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. ఆయన మొహంలోకి చూడాలంటే కాంతానికి భయంగా ఉంది.

“దగ్గరకే వెళ్లేడని చెబుతున్నాను కదండీ. ఏరు సముద్రంలో కలిసే ఆ మొగకి ఈ పక్కా ఆ పక్కా వెతికించండి.”

“అక్కగారూ, కాస్త నిదానంగా ఆలోచించుకుని చెప్పండి. మూడు బోట్లు సిద్ధంగా ఉన్నాయి. వీర్రాజు నా మాట కోసం చూస్తున్నాడు. మెరైన్ పోలీస్ స్టేషన్‌లోనూ అదే అడుగుతున్నారు, ఏ దిక్కని. తప్పు దిక్కుకి పంపేమంటే ఉన్న డీజిలు అటే అయిపోద్ది.”

“తప్పు దిక్కేం కాదు తమ్ముడుగారూ. మొగ దగ్గరే.”

“మొగ దగ్గర ఏముందని వెళ్తాడండి?”

“చేపలు.”

“ఏం చేపలు?”

“ఏవో ఒకటి. నెత్తళ్లు.”

“నెత్తళ్లా. మొగ దగ్గర నేను నెత్తళ్లు చూసి ఆరేళ్లయిందండి. మా నాన్న రోజుల్లో మొలలోతు నీళ్లలో నిలబడి వల లాగితే మోసుకెళ్లడానికి కావిళ్లు చాలేవి కాదు. నా పెళ్లయిన కొత్తలో నాలుగు బారల లోతుకెళ్లేవాళ్లం. మా దివ్య పుట్టేక పది బారలు. ఇప్పుడు ముప్పై బారల లోతు దాటితే గాని వల బరువు తెలీట్లేదు. మీకు తెలీని సంగతా?”

“ఒక్కో ఏడు ఒక్కోలా ఉంటదండి. ఈ ఏడు దగ్గర్లో పడుతున్నాయి.”

“ఎవరికి పడుతున్నాయి?”

“మా వాడికి.”

“మరి వీర్రాజుకి పడవేం? సీమోనుకి పడవేం? నిన్న సీమోను మొగ దగ్గరే వలేసేడు. ఏమొచ్చిందో తెలుసా అండి? రెండు పీతలు, ఒక చెప్పు.”

“చెప్పా?”

“ఆయ్. ఎడం కాలిది. కుడిది రేపు పడుద్దిలే అంటున్నాడు.”

“నవ్వే వేళా ఇది తమ్ముడుగారూ?”

“నవ్వించడానికి చెప్పలేదండి. సీమోను నిన్న మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాడు. కిషోర్ బోటు కంటబడలేదన్నాడు. అందుకని చెప్పేను.”

“పడమటి పక్కన ఉండి ఉంటాడు. ఇసక తిప్పకి అవతల. సీమోనుకి అటు కనపడదు.”

“ఉండి ఉంటాడంటున్నారు. ఉన్నాడని అనట్లేదు.”

“ఉన్నాడు. అక్కడే ఉన్నాడు. ఇంజను ఆగిపోయి ఉంటది.”

“సరే. పోయిన మంగళవారం మా ఇంటికి పచ్చిచేప ముక్కలు పంపేరు కదా. ఏం చేపండి అది?”

“ఇప్పుడా మాటెందుకు?”

“చెప్పండి.”

“వంజరం.”

“అంతకు ముందు వారం?”

“చందువ.”

“దానికి ముందు?”

“మళ్లీ వంజరమే. మీకు ఇష్టమని.”

“ఇష్టమే. ఒక్కో ముక్కా నా అరచెయ్యంత ఉంది. అంత వంజరం మొగ దగ్గరకి ఎందుకొస్తదండి, స్నానానికా? చేపని చూస్తే అది ఏ లోతుదో నేను చెప్పగలను. నలభై ఏళ్ల నుంచి చేస్తున్న పని. ఆ సైజంటే నడిసముద్రంలోని గ్యాసు ప్లాట్‌ఫారం దాటి అవతలికి వెళ్లాల్సిందే.”

“ఏదో దారి తప్పి వచ్చి ఉంటది.”

“మూడు వారాల్లో రెండుసార్లు తప్పిందా దారి?”

“తప్పిందేమోనండి.”

“అక్కగారూ.”

“వింటున్నానండి.”

“వాడు ఒక్కడే ఎందుకెళ్తున్నాడు? రోజూ బోటు మీద తోడొచ్చే మోహన్‌ని ఎందుకు మానిపించేడు?”

“మా వాడు మానిపించలేదు. మోహనే మానేసేడు.”

“ఎందుకని?”

“ఒంట్లో బాలేక.”

“మోహన్ రావులపాలెంలో అరటిగెలలు లారీలకి ఎత్తుతున్నాడండి. ఒంట్లో బాగోనివాడు చేసే పనేనా అది?”

“నాకేం తెలుసండి. అలాగని చెప్పేడు.”

“నేను చెబుతాను వినండి. కిషోర్‌కి ఎక్కడో మంచి చోటు దొరికింది. ఇంకొకడికి తెలీకూడదని మోహన్‌ని మానిపించేడు. అందుకే రేవులో దిగకుండా ఈ పాయలోకొచ్చి మీ పెరట్లో దిగుతాడు. తప్పు పట్టట్లేదండి. చోటు దొరికినోడు ఎవడైనా దాచుకుంటాడు. మా నాన్న పోయేదాకా తన చోటు మా అమ్మకి కూడా చెప్పలేదు. ఇంకొకడి చోటు అడక్కూడదని నాకూ తెలుసు. కానీ ఇప్పుడు అడక్క తప్పదు. నా ఒక్కడికి చెప్పండి. పైకి పొక్కనివ్వను.”

“నాకే చోటూ తెలీదు. చోటంటూ ఏమీ లేదు.”

“చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడా?”

“లేదండి.”

“మరి ఆ చెంగు ఎందుకలా మెలి తిప్పుతున్నారు?”

“కొడుకు రాకపోతే ఏ తల్లి చెయ్యి కుదురుగా ఉంటదండి? మిమ్మల్ని నేనొక మాట అడుగుతాను. దూరమే వెళ్లేడని మీరంత గట్టిగా ఎలా అంటున్నారు? మీతో ఏమైనా అన్నాడా?”

“నాతోనా? నాతో ఏమంటాడండి. చేపలే చెబుతున్నాయి కదా.”

“ఏమీ అనలేదా?”

“మాట్లాడుకునే టైము కాదిది. గాలి మారుతోంది. ఉండండి… హలో, వీర్రాజూ. ఆయ్, నేనే. అక్కగారికి తెలీదంట. విను. నేరుగా దక్షిణం పట్టుకో. గ్యాసు ప్లాట్‌ఫారాన్ని ఎడం చేతికి వదిలేసి, ముప్పై బారల లోతు దాటేదాకా ఆగొద్దు. అవును, మూడు బోట్లూ. మొగ దాటేక సిగ్నలు ఎంతసేపుంటది? పావుగంటా. సరే, బయల్దేరండి.”

“మూడూ అటేనా?”

“మూడూ విడివిడిగా గాలించినా కనపడటం కష్టం అంత నీళ్లలో.”

“ఒక్క బోటు ఇటు పంపండి. ఒక్కటి.”

“పంపితే అక్కడ ఒకటి తగ్గుద్ది.”

“తమ్ముడుగారూ, వాడు దూరం వెళ్లడు. వెళ్లలేడు.”

“ఎందుకు వెళ్లలేడు? బోటు బాగానే ఉంది, ఇంజను కొత్తది.”

“వెళ్లనని ఒట్టేసేడు.”

“ఎవరికి?”

“నాకు. వాళ్ల నాన్న తొంభయ్యారు తుఫానులో పోయేటప్పటికి వీడు పది నెలల పిల్లాడు. ఆవేళ పొద్దున్న ఆయన చొక్కా గుండీ ఊడితే కుట్టమన్నారు. వచ్చేక కుడతానులే, ఏడుస్తున్నాడు వీడు, అన్నాను. గుండీ నా చేతిలో పెట్టి వెళ్లిపోయేరు. అంతే, ఆ మాటే ఆఖరు. మనిషి గాని, బోటు చెక్క గాని ఏదీ ఒడ్డుకి రాలేదు. వీడు మొదటిసారి బోటెక్కిన రోజున చెయ్యి నా నెత్తి మీద పెట్టించుకున్నాను. ఒడ్డు మీద కొబ్బరిచెట్లు కనపడేంత దూరమే వెళ్లాలి. చెట్లు కనపడటం మానేసేయంటే వెనక్కి తిప్పెయ్యాలి. పదేళ్లయింది. ఒక్కనాడు తప్పలేదు.”

“చెట్లు కనపడేంత దూరంలో వంజరం పడదక్కా.”

“పడదు.”

“చందువా పడదు.”

“పడదండి.”

“మరి?”

“ఫోను చెయ్యండి. సిగ్నలు పోద్ది.”

“ముందు నాకు సమాధానం చెప్పండి. ఆ వంజరం ఎక్కడిది?”

“కొన్నాను.”

“ఏంటీ?”

“కొన్నానండి. అమలాపురం మార్కెట్లో. కాకినాడ నుంచి ఐసుపెట్టెల్లో వస్తాయి కదా, వాటిల్లోది. ముక్కలు కోయించి, ఇంటికి తెచ్చి ఉప్పూ పసుపూ రాసి మీకు పంపేను. తల పంపితే మొప్పలు చూసి ఐసుదని పట్టేస్తారని తలలు పాయలో పారేసేను.”

“మూడుసార్లూ?”

“మూడుసార్లూ. మా వాడి వలలో రెండు నెలలుగా పిడికెడు నెత్తళ్లు పడితే గొప్ప. వాటా రాని బోటు మీద మోహన్ ఎందుకుంటాడు? ఈ పాయలోకొచ్చి దిగేది చోటు దాచుకోడానికి కాదండి. ఖాళీ బుట్ట దాచుకోడానికి.”

“ఎందుకు చేసేరిలాగ?”

“తాంబూలాలనాడు మా అరుగు మీద కూర్చుని మీరేమన్నారు? ‘ఈ రోజుల్లో కూడా చేప తెచ్చేవాడు ఎవడో వాడికే నా పిల్ల’ అన్నారు.”

“మాటవరసకి అన్నానండి.”

“మాటవరసకి మీరన్నారు. నేను బుట్ట పట్టుకుని ఆటో ఎక్కేను. దివ్య నవ్వుతుంటే ఇల్లంతా వెలుగొచ్చినట్టుంది నాకు. ఆ పిల్ల ఈ గుమ్మంలోకి రాకుండా పోద్దేమోనని రాత్రిళ్లు నిద్ర ఉండేది కాదు. ఈ ఇంట్లోంచి వెళ్లినవాళ్లే గాని కొత్తగా వచ్చినవాళ్లు లేరండి.”

“కిషోర్‌కి తెలుసా?”

“మొదట తెలీదు. మీరే కదా రేవులో వాడి భుజం తట్టి, చేప బ్రహ్మాండంగా ఉందల్లుడూ అన్నది. ఇంటికొచ్చి నన్ను నిలదీసేడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.”

“తర్వాత?”

“తర్వాత అన్నాడు, ‘రేపు మామయ్యగారు ఎక్కడ పట్టేవని అడిగితే ఏం చెప్పనమ్మా’ అని. అడగరులేరా, ఇంకొకడి చోటు మనలో ఎవరూ అడగరు, అన్నాను. పెళ్లయ్యేదాకా ఊరుకోరా అని కాళ్లు పట్టుకున్నంత పని చేసేను.”

“అడగరు అన్నారా?”

“ఆయ్. మీరూ ఇందాక అదే కదా అన్నారు. చూడండి, నేను చేసింది తప్పే. సంబంధం మానుకుంటానంటే మానుకోండి. మీ తాంబూలం సాయంత్రానికి వెనక్కి పంపేస్తాను. ఊరంతా నన్ను వేలెత్తి చూపించినా పడతాను. ముందు ఆ బోట్లని మొగ దగ్గరకి తిప్పమనండి. చెట్లు దాటలేదు వాడు. ఇక్కడిక్కడే ఉన్నాడు. తమ్ముడుగారూ, ఏంటలా కూర్చుండిపోయేరు? పావుగంటలో సగం అయిపోయింది.”

“చెయ్యను.”

“నా మీద కోపం వాడి మీద చూపించకండి. మీకు దణ్ణం పెడతాను.”

“కోపం కాదక్కా.”

“మరేంటి? చెప్పండి. నా ప్రాణం పోతోంది.”

“వాడు మొన్న వెళ్లేడు కదా. దానికి ముందురోజు సాయంత్రం ఎవరూ లేకుండా చూసి నేనే పక్కకి పిలిచేను. సిగ్గు విడిచి అడిగేను, ‘అల్లుడూ, నా బోటు మూడు నెలలుగా ఖాళీగా వస్తోంది, ఆ వంజరం చోటు నాకూ చూపించు’ అని. సముద్రం వైపు చూస్తూ, ‘ముందు నేనొక్కణ్ణే వెళ్లి చూసొస్తాను మామయ్యగారూ, తర్వాత మిమ్మల్ని తీసుకెళ్తాను’ అన్నాడు.”