నునుపు చేయని గీత

వెయ్యి తొమ్మిది వందల ఎనభై తొమ్మిది జూలై మూడవ తేదీ, సోమవారం ఉదయం మన జలపరిశోధన కేంద్రపు గణిత విభాగంలో చేరిన సుళ్ళ మేడమ్‌గారు, ముప్పై ఐదేళ్ళ సేవానంతరం నేడు పదవీ విరమణ చేస్తున్నారు. అది మనం పెట్టుకున్న ముద్దుపేరు. నీరు తిన్నగా పారక, సుళ్ళు తిరుగుతూ తనలో తాను కొట్టుకునే తీరును సమీకరణాలలో పట్టడం వారి వృత్తి. సుళ్ళ గురించి సర్వం తెలిసిన వారికి ఈ కార్యాలయంలో సుడి మాత్రం లేకపోయింది.

తొలి పదేళ్ళు కాలువలకూ గొట్టాలకూ పంపులకూ లెక్కలు కట్టారు. చేతులు కడిగే తొట్టి వద్ద కుళాయిని వెంట్రుకవాసి తిప్పుతూ, అద్దంలా జారే ధార ఏ క్షణాన చెదురుతుందోనని చూస్తూ నిలబడేవారు. ప్లంబరుకు ఒకనాడు విసుగొచ్చింది.

"అమ్మా, మీరు నీళ్ళు వాడతారా, చూస్తారా?"

"చూస్తాను నాయనా. వాడేవాళ్ళు చాలామంది ఉన్నారుగా."

"ఇది నాలుగో వాషరు. చూపులకు అరిగిందని రాయమంటారా రిజిస్టరులో?"

నవ్వు ఇక్కడితో సరి. రెండువేల ఏడులో జలాశయపు అడుగు తూము తలుపుపై నీటి ఒత్తిడిని లెక్కించే పని వారికి అప్పగించారు. సగటు ఒత్తిడి భద్రంగానే ఉంది. కానీ ఆ సగటుకు అటూ ఇటూ ఊగే ఊపు తలుపును చీల్చగలదని వారి నమూనా చెప్పింది. నాటి డైరెక్టరుగారు ఆ గీతను చూసి ముఖం చిట్లించారు.

"ఈ రంపపు పళ్ళేంటమ్మా? ఆ స్థిరాంకం కాస్త మార్చు, గీత నునుపవుతుంది."

"మారిస్తే అది స్థిరాంకం ఎలా అవుతుంది సార్? గీత నునుపైతే నీళ్ళు నునుపవ్వవు కదా."

మేడమ్‌గారిని గ్రంథాలయానికి మార్చారు. నునుపైన గీతతో నివేదిక వెళ్ళింది. దానిపై మూడు సంతకాలు, మూడవది నాది. మూడో సంవత్సరం వచ్చిన వరదకు తలుపు చీలింది. దిగువ పంప్‌హౌస్‌లోని ఇద్దరు పనివారు మెట్లెక్కి బతికారు. విచారణ సంఘం ముందు మన కేంద్రం మేడమ్‌గారి పాత గణనను బయటికి తీసి, ప్రమాదాన్ని ముందే లెక్కగట్టామంటూ పరువు దక్కించుకుంది, డైరెక్టరుగారి పేరుతో. తన పేరు తనకిమ్మని వారు పెట్టిన అర్జీలు తొమ్మిది. తొమ్మిదింటికీ 'పరిశీలనలో ఉన్నది' అన్నదే జవాబు. నివేదికలో పట్టని పేరు నేడు వేదికపై మైకు పగిలేలా మోగుతోంది.

ఈ వీడ్కోలు సంచికలోంచి పై పేరా తీసేయమని పరిపాలనాధికారి నిన్న నా గదికొచ్చారు.

"పోయేవాళ్ళని నవ్వుతూ పంపాలయ్యా. ఇప్పుడెందుకీ రభస?"

"పోయేది ఆవిడ కాదు సార్, మన పరువు."

చివరికి మేడమ్‌గారినే అడిగాను.

"పొగడ్తలొద్దు. నా గీత వేసి, కింద నా పేరు వేయండి. మా అమ్మాయికి చూపించాలి."

వేశాను. ఎదుటి పుటలోని గీత వారిదే. ఒక్క పన్ను కూడా అరగదీయలేదు. అడుగున వారి పూర్తి పేరు, ఆ కింద నా సంతకం, ఈసారి సాక్షిగా.

తాము ఇక పెట్టబోయే పదవ అర్జీకి జవాబు అందుకునేదాకా వారు సంపూర్ణ ఆరోగ్యంతో జీవించాలని మనసారా కోరుకుంటున్నాను. ఈ కార్యాలయపు వేగం తెలిసినవాణ్ణి గనుక, నూరేళ్ళని రాసి కొట్టేసి, నూటయాభై అని దిద్దుతున్నాను.