ఆదివారం ఎలుగుబంట్లు

రేపటి ఆరాధనకి పాస్టరుగారి అంగీ ఇస్త్రీ చేస్తున్న భార్యకి, ఆయన ఎంచుకున్న వాక్యం వినగానే ఒళ్ళు మండింది.

"బోడివాడా అన్నారని ఎలీషా ప్రవక్త శపిస్తే, ఎలుగుబంట్లు వచ్చి పిల్లల్ని చీల్చేశాయి. ఇదా మీరు రేపు చిన్నపిల్లలకి చెప్పేది?"

"దైవసేవకుణ్ణి వెక్కిరిస్తే ఏమవుతుందో తెలియాలిగా."

"ఓహో! పోయిన వారం ఫ్యాను గాలికి, మీ బట్టతల మీద అడ్డంగా దువ్విన నాలుగు వెంట్రుకలూ లేచి నిలబడితే పిల్లలు నవ్వారనా?"

"అది కాదు. అసలు ఎలీషాని వెక్కిరించినవాళ్ళు పసివాళ్ళు కారు, ఎదిగిన పోకిరీలని పండితులంటారు."

"ఎదిగితే చీల్చెయ్యొచ్చా? బాగుందండీ పాండిత్యం! శత్రువుని ప్రేమించమని పోయిన నెల చెప్పిన నోటితోనే ఎలుగుబంట్లని తోలుకొస్తారన్నమాట."

"కష్టమైన వాక్యమే. కానీ అర్థం ఒక్కటే, దేవుడు ఊరుకోడు."

"దేవుడు ఊరుకున్నాడు. ఊరుకోనిది మీ బట్టతల."

"మాటలు జాగ్రత్త! ఆ రోజు అందరికంటే ముందు నవ్వి ఆ పిల్లల్ని చెడగొట్టిందెవరో తెలియనీ, సంఘం ముందు నిలబెడతాను."

ఆమె అంగీ మడిచి ఆయన ఒళ్ళో పడేసింది.

"నేనే. నేను నవ్వడం చూసి వాళ్ళూ నవ్వారు. మీ ఎలుగుబంట్లని ఇటే తోలండి, తలుపు గడియ వెయ్యనులే."