గౌరవ్వ సంతాపం

ఎల్లారెడ్డిలో ఒక పెంకుటిల్లు. పొద్దున్నే హన్మండ్లు షార్ట్‌వేవ్ రేడియో ముందు కూర్చున్నాడు. భార్య గౌరవ్వ వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. ఆ రేడియో వినకపోతే ఆయనకు పొద్దు పొడవదు, వింటే ఆమెకు పని తెమలదు.

"ఆ చీర తియ్యవే! తీగె మీద తడి చీర ఏస్తే స్టేషనెట్ల గుంజుతది?"

"దండెం అనుకున్ననయ్యా."

"ఏరియల్ తీగెనే అది! ఎన్నిసార్లు చెప్పాలె? సముద్రం అవుతలి నుంచి అస్తది మాట. గంత దూరమొచ్చి నీ చీర కాడ ఆగిపోతుంది."

"ఆగితే ఆగనీ. ఏముంది అండ్ల? మొన్నటి సంది ఒకటే ఏడుపు సన్నాయి. పాట లేదు, పదం లేదు."

"ఆ రేడియోటోళ్ల దేశానికి అధ్యక్షుడు, పెద్దాయన సచ్చిపోయిండే. దేశమంత సంతాపం. పాటలు బంద్ పెట్టిండ్లు. గౌరీ, జర ఇటు రా. కూసో."

"బువ్వ పొయ్యి మీదుంది."

"మాడితే మాడనీ."

"ఏందీ? మెత్తగైతే ఒక వంక, పలుకైతే ఒక వంక పెట్టెటోనివి, మాడనీ అంటున్నవా? ఏం చేసినవో చెప్పు."

"ఏం చెయ్యలే. ఆ రేడియోల తెలుగు చెప్పేటోళ్లు ఇప్పుడు ఫోన్ చేస్తరు. నీకు."

"నాకా? నాకెందుకు?"

"పాటలు లేవు గదా, వినెటోళ్లతోని మాట్లాడిస్తుండ్లు. పెద్దాయన పోయిండని రెండు ముక్కలు దుక్కంగ చెప్తే అయిపోతది."

"ఆయనెవలో, ఏం కథనో! వినేది నువ్వు, నువ్వే చెప్పు."

"నేను వినేది... నీ పేరు మీదనే."

"ఏందీ?"

"అంటే, వాట్సాప్‌ల మెసేజ్ పెట్టేది నీ పేరు మీద. 'ఎల్లారెడ్డి నుంచి గౌరవ్వ' అని. నా పేరు మీద పెట్టినన్ని రోజులు ఒక్కటి సదవలే. నీ పేరు పెట్టంగనే సదివిండ్లు. ఉత్తమ శ్రోత అని గొడుగు గూడ పంపలేదా?"

"ఆ గొడుగు కామారెడ్డిల కొన్న అంటివి గదా!"

"గది... కొన్నట్టే."

"కొన్నట్టేంది? నా పేరు మీద అచ్చిన గొడుగు నాకే కొనిచ్చినట్టు చెప్పి, మా చెల్లె ముందట గొప్పలు పోతివి!"

"అవన్ని తర్వాత. జర విను. నా పేరు ఎత్తకు. 'మా ఆయన' అని అసలే అనకు."

"ఎందుకనొద్దు?"

"సంతాపం గదనే. సంతాపంల మొగని ముచ్చట బాగుండది."

"గదేం రివాజు?"

"వాళ్ల దేశపు రివాజు. నేను ఇంట్ల లేనట్టే అనుకో."

"నువ్వు ఉన్నా లేనట్టే గదా. కొత్తగ అనుకునుడేంది?"

"అగో, ఫోన్ అచ్చె! స్పీకర్ల పెడుతున్న. మంచిగ మాట్లాడు."

"నమస్కారం! గౌరవ్వ గారేనా? స్టూడియో నుంచి ఆశ్రితను."

"ఆ బిడ్డా, గౌరవ్వనే."

"మీ రేడియో చప్పుడు ఇక్కడిదాకా వస్తోందండీ. కొంచెం కట్టేస్తారా?"

"బంద్ చేసిన, చెప్పు బిడ్డా. మీ పెద్దాయన పోయిండట. ఇంటి పెద్ద పోతేనే ఇంటికి గోస. దేశానికి పెద్ద పోతే ఇంకెంత గోస!"

"ఎంత బాగా చెప్పారండీ! ఆ బాధ మీకు తెలిసినట్టు మా శ్రోతల్లో ఇంకెవరికి తెలుసు? అందుకే మొదటగా మీకే చేశాం. మీవారు హన్మండ్లు గారు పోయిన నాటి నుంచి మీకు మా రేడియోనే తోడు కదా."

"ఎవలు... ఎవలు పోయిన నాటి నుంచి?"

"హన్మండ్లు గారు. క్షమించండి, మళ్లీ గుర్తు చేశాను. మీ మాటలు చదివిన రోజు స్టూడియోలో అందరం కళ్లు తుడుచుకున్నాం. 'పొద్దున చాయ్ ఇద్దరికీ పోస్తాను, ఆయన గ్లాసు అట్లనే చల్లారిపోతుంది' అన్నారు."

"గట్ల రాసిన్నా నేను?"

"'నా వంటకు ఎన్ని వంకలు పెట్టినా, ఇంకొకరి చేతి ముద్ద ఆయనకు గొంతు దిగేది కాదు' అని కూడా. అమ్మా... ఏడుస్తున్నారా?"

"ఏడుపే అచ్చింది బిడ్డా. నా ముంగట ఒక్క తియ్యటి మాట అన్నోడు కాదు. గీ ముచ్చట సముద్రం అవుతలున్న నీ నోట వినాల్సొచ్చె."

"మా అధ్యక్షుల వారి శ్రీమతి కూడా ఇప్పుడు మీలాగే ఒంటరి అయ్యారు. మీ మాట ఆమెకు చేరవేస్తాం. ఏం చెబుతారు?"

"ఏం చెప్పాలె... అమ్మా, పోయినోడు పోయిండనే అనుకో. రెండో గ్లాసు పెట్టుడు ఇడిసిపెట్టు. ఒక్కదానికే వండుకో, కడుపు నిండ తిను. నేనూ ఈయాల్టి సంది గంతే."

"ఎంత ధైర్యమండీ మీది! ధన్యవాదాలు."

"ఫోన్ పెట్టేసింది. గౌరీ... గట్ల చూస్తవేంది? జాలిపడి సదువుతరని..."

"ఈ పుస్తె చూడు. శనివారం శనివారం ఒక్కపొద్దులుండి కాపాడుకుంటున్న. గొడుగు కోసం తెంపినవా?"

"గొడుగు కోసం కాదే. మొదలు ఉత్తగనే రాసిన. రాసుకుంట పోతే, నిజంగనే నేను పోతే నువ్వెట్లుంటవో అని దుక్కమచ్చింది. ఏడ్సిన. నీ మీద ఒట్టు!"

"నీ సావుకు నువ్వే ఏడ్సినవా? ఇగ నాకేం మిగిల్చినవ్?"

"తప్పయింది తియ్యి. ఇగ రాయ. ఆకలైతుంది, బువ్వ పెట్టు."

గౌరవ్వ పొయ్యి మీది బువ్వ దింపి, పీట వాల్చుకుని కూర్చుంది.

"గౌరీ, నిన్నే! ఒక్క కంచమే పెట్టుకున్నవేంది? నాదేది?"

"రేడియో బంద్ చేసినా ఇంట్ల ఎవలో మొగోని మాట ఇనవడుతనే ఉంది. ఆ తడి చీర తెచ్చి మళ్ల తీగె మీద ఏస్త, ఆగిపోతది."